కొన్నేళ్ళే బతికిన బ్రిటిష్ రెజిమెంటు చరిత్రను ఎలా వెతకాలి? 18వ శతాబ్దపు పదాతి దళాలకు సమగ్ర మార్గదర్శి

"వందవాసి యుద్ధంలో 79వ రెజిమెంటు ఉందని చదివాను. 79వ అంటే కామెరాన్ హైలాండర్స్ కదా?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. జవాబు: కాదు. తమిళనాడులోని వందవాసిలో బ్రిటిష్, ఫ్రెంచివాళ్ళ మధ్య యుద్ధం జరిగింది 1760లో. కామెరాన్ హైలాండర్స్ అనే స్కాట్లండ్ రెజిమెంటు పుట్టింది 1793లో. ఈ రెంటికీ మధ్య, 1778లో లివర్‌పూల్‌లో ఇంకో 79వ రెజిమెంటు ఒకటి పుట్టి, ఐదారేళ్ళకే రద్దయిపోయింది కూడా.

ఇలాంటి రెజిమెంట్లు డజన్ల కొద్దీ ఉన్నాయి. యుద్ధం మొదలవగానే పుట్టేవి, సంధి కుదరగానే పోయేవి. వాటికి వారసులు లేరు, మ్యూజియంలు లేవు, పెద్ద చరిత్ర పుస్తకాలూ లేవు. అయినా వెతకొచ్చు. ఏ కాగితం ముందు, ఏది తర్వాత అన్న వరుస తెలిస్తే చాలు. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను.

## 1. మొదలుపెట్టే ముందు

ముందు ఒక్క ప్రశ్న రాసుకోండి. "79వ రెజిమెంటు గురించి అంతా తెలుసుకోవాలి" అనుకుంటే నెల తిరిగినా ఎక్కడికీ చేరరు. "1760 జనవరిలో వందవాసిలో ఉన్న 79వ రెజిమెంటు ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు రద్దయింది, ఆ మనుషులు ఏమయ్యారు?" అని రాసుకుంటే దారి కనిపిస్తుంది.

తర్వాత ఒక పట్టిక గీసుకోండి. కాగితం మీదైనా, ఎక్సెల్‌లోనైనా సరే. నేను వాడే గళ్ళు ఇవి:

- తేదీ
- ఆ రోజున రెజిమెంటుకు ఉన్న నంబరు
- కర్నల్ పేరు
- ఉన్న చోటు
- ఏం జరిగింది
- ఈ సంగతి ఎక్కడ దొరికింది
- నమ్మకం: గట్టిది, ఫరవాలేదు, అనుమానం

చివరి గడిని ఎవరూ నింపరు. దయచేసి నింపండి. మూడు వారాల తర్వాత రెండు తేదీలు ఢీకొన్నప్పుడు ఏది వదులుకోవాలో చెప్పేది ఆ గడి ఒక్కటే.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- ప్రశ్న ఒక్క వాక్యంలో ఉందా?
- కనీసం ఒక చోటు, ఒక సంవత్సరం చేతిలో ఉన్నాయా?
- ఊళ్ళ పేర్లకు పాత ఇంగ్లీషు రూపాలు రాసుకున్నారా? వందవాసి వాళ్ళ రాతల్లో వాండివాష్, మచిలీపట్నం మసూలిపటం, చందుర్తి కొండోర్. మన ఉచ్చారణతో వెతికితే ఏమీ దొరకదు.

## 2. రాజు పటాలమా, కంపెనీ పటాలమా తేల్చుకోండి

తెలుగు పాఠకులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. 18వ శతాబ్దంలో భారతదేశంలో ఉన్న తెల్ల సైనికులంతా ఒకే సైన్యం కాదు. కొందరు బ్రిటన్ రాజు సైన్యం. మిగతావాళ్ళు ఈస్టిండియా కంపెనీ సొంత జీతగాళ్ళు. వేసుకున్న ఎర్ర కోటు ఒకేలా ఉన్నా వీళ్ళ లెక్కలు వేరు, కాగితాలు వేరు, ఆ కాగితాలున్న భవనాలు కూడా వేరు.

మనకు దగ్గరి ఉదాహరణ చందుర్తి. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. ఫోర్డ్ వెంట ఉన్న తెల్ల సైనికులు బెంగాల్ నుంచి వచ్చిన కంపెనీ యూరోపియన్లు. వాళ్ళ కోసం రాజు సైన్యం నంబర్లలో వెతికితే సమయం వృథా. అదే 1760లో వందవాసికి వస్తే, బ్రిటిష్ సేనాని ఐర్ కూట్ సైన్యంలో కంపెనీ యూరోపియన్లతో పాటు రాజు రెజిమెంట్లు రెండు, 79వది, 84వది, పక్కపక్కనే ఉన్నాయి.

తేల్చుకోవడానికి సులువైన గుర్తులు:

- పేరులో నంబరు, దాని పక్కన "ఫుట్" అని ఉంటే దాదాపుగా రాజు సైన్యం. ఫుట్ అంటే పదాతి దళం.
- బెంగాల్, మద్రాస్, బొంబాయి యూరోపియన్ అని ఉంటే కంపెనీ.
- సిపాయి బెటాలియన్ అని ఉంటే కంపెనీయే.

రాజు సైన్యం కాగితాలు లండన్ శివారులో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కంపెనీవి లండన్‌లోనే బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు రికార్డుల విభాగంలో ఉంటాయి. ఈ మార్గదర్శి ముఖ్యంగా మొదటి రకానికి. అయితే 8, 9 మెట్ల దగ్గర రెండో చోటుకూ వెళ్ళాల్సి వస్తుంది.

## 3. నంబరును ఒంటరిగా రాయకండి

నంబరంటే అద్దె ఇంటి డోర్ నంబరు లాంటిది. ఇల్లు అదే ఉంటుంది, అద్దెకుండేవాళ్ళు మారుతుంటారు. అందుకే రెజిమెంటు పేరు ఎప్పుడూ మూడు ముక్కలుగా రాయండి: నంబరు, మొదటి కర్నల్ పేరు లేదా బిరుదు, పుట్టిన సంవత్సరం.

- 79వ ఫుట్, డ్రేపర్, 1757
- 79వ ఫుట్, రాయల్ లివర్‌పూల్ వాలంటీర్స్, 1778
- 79వ ఫుట్, కామెరాన్ హైలాండర్స్, 1793

84వ నంబరుదీ ఇదే కథ. వందవాసిలో ఉన్నది కూట్ రెజిమెంటు. తర్వాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో రాయల్ హైలాండ్ ఎమిగ్రెంట్స్. 1793లో ఇంకోటి.

పేరు కూడా మోసం చేస్తుంది. "ఫ్రేజర్ హైలాండర్స్" అని కనిపిస్తే ఆగి ఆలోచించండి. సైమన్ ఫ్రేజర్ 1757లో లేపిన, అంటే మనుషులను చేర్చుకుని కొత్తగా కట్టిన, రెజిమెంటు 78వది. అది 1759లో కెనడాలోని క్విబెక్ దగ్గర పోరాడి 1763లో రద్దయింది. అదే ఫ్రేజర్ 1775లో ఇంకో రెజిమెంటు లేపాడు. దాని నంబరు 71. మనిషి ఒకడే, పేరు ఒకటే, రెజిమెంట్లు రెండు. ఒకదాని సైనికుణ్ణి రెండోదాని జాబితాలో వెతుకుతూ అలిసిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనూ ఒక వేసవి అంతా అలాగే పోగొట్టుకున్నాను.

## 4. తేదీలను నమ్మే ముందు

ఒక రెజిమెంటుకు పుట్టినరోజు ఒకటే ఉండదు. లేపమని అనుమతి ఇచ్చిన తేదీ, కర్నల్ నియామకం తేదీ, ఖజానా నుంచి జీతం మొదలైన తేదీ, నంబరు ఇచ్చిన తేదీ, ఇవన్నీ వేర్వేరు. రాయల్ హైలాండ్ ఎమిగ్రెంట్స్‌ను చూడండి. మనుషులు చేరింది 1775లో. 84వ నంబరు వచ్చింది 1778 చివర్లో. "84వ రెజిమెంటు 1775లో పుట్టింది" అన్నా, "1778లో పుట్టింది" అన్నా సగమే నిజం. పట్టికలో రెండు వరుసలు పెట్టండి.

గుర్తుంచుకోవాల్సిన మూడు సంవత్సరాలు:

1751. ఈ ఏడాది జులైలో రెజిమెంట్లను కర్నల్ పేరుతో కాకుండా నంబరుతో పిలవాలని రాజాజ్ఞ వచ్చింది. అంతకుముందు కాగితాల్లో కర్నల్ పేరే ఉంటుంది. కర్నల్ మారితే రెజిమెంటు పేరూ మారిపోతుంది. కాబట్టి 1740ల రెజిమెంటుకు ముందు కర్నళ్ళ వరుస కట్టుకోవాలి. తర్వాతే మిగతావి.

1752. బ్రిటన్ ఈ ఏడాది క్యాలెండరు మార్చింది. సెప్టెంబరు 2 తర్వాతి రోజును సెప్టెంబరు 14గా లెక్కపెట్టారు. అంతకుముందు ఇంగ్లండ్‌లో అధికారిక కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పాత కాగితంలో "1745 ఫిబ్రవరి" అని ఉంటే మన లెక్కలో అది 1746 ఫిబ్రవరి కావచ్చు. ఒక్క ఏడాది బతికిన రెజిమెంటుకు ఈ తేడా ప్రాణాంతకం.

1782. రెజిమెంట్లకు బ్రిటన్ జిల్లాల (కౌంటీల) పేర్లు అధికారికంగా తగిలించింది ఈ ఏడాది ఆగస్టులో. 1760 నాటి రెజిమెంటుకు జిల్లా పేరు అంటించి రాసిన వ్యాసం కనిపిస్తే, ఆ పేరు తర్వాతి కాలంవాళ్ళు పెట్టినదేమో అని అనుమానించండి.

## 5. నంబర్లు మారిన ఏళ్ళను గోడకు అంటించుకోండి

నంబరు కనిపించకుండా పోయిందంటే రెజిమెంటు రద్దయిందనే అర్థం కాదు. చాలాసార్లు నంబరు మాత్రమే మారి ఉంటుంది. ఈ జాబితా నా టేబుల్ ఎదురుగానే ఉంటుంది.

- 1748–49: 44 నుంచి 53 దాకా ఉన్న పది మెరైన్ రెజిమెంట్లు రద్దయ్యాయి. వెనకవాళ్ళంతా ముందుకు జరిగారు. 42వదిగా ఉన్న ఓగల్‌థోర్ప్ రెజిమెంటు కూడా రద్దవడంతో, అప్పటిదాకా 43వదిగా ఉన్న బ్లాక్ వాచ్ అనే స్కాట్లండ్ రెజిమెంటు 42వది అయింది.
- 1757: అమెరికాలో లేపిన 50, 51 రెజిమెంట్లు 1756లో ఆస్వీగో కోటలో ఫ్రెంచివాళ్ళకు చిక్కాయి. ఆ రెంటినీ రద్దు చేసి, వెనకున్న నంబర్లన్నీ రెండేసి తగ్గించారు. 54వది 52వది అయింది. 62వదిగా పుట్టిన రాయల్ అమెరికన్స్ 60వది అయింది.
- 1758: రెండేళ్ళ ముందు 15 రెజిమెంట్లకు చేర్చిన రెండో బెటాలియన్లను విడదీసి 61 నుంచి 75 దాకా కొత్త నంబర్లు ఇచ్చారు. ఉదాహరణకు 20వ రెజిమెంటు రెండో బెటాలియన్ 67వ రెజిమెంటు అయింది.
- 1763: ఏడేళ్ళ యుద్ధాన్ని ముగించిన పారిస్ సంధి. 70 తర్వాతి నంబర్లలో దాదాపు అన్నీ రద్దు.
- 1783 తర్వాత: అమెరికా యుద్ధ కాలంలో పుట్టినవాటిలో ఎక్కువ భాగం రద్దు.
- 1786: మిగిలినవి ముందుకు జరిగాయి. మద్రాసులో దిగిన మెక్లాయిడ్ హైలాండర్స్ 73 నుంచి 71కి, సీఫోర్త్ రెజిమెంటు 78 నుంచి 72కి మారాయి.
- 1793–95: నంబర్లు 130 దాటిపోయాయి. చాలావాటిని ఒకటి రెండేళ్ళలోనే విడగొట్టి, మనుషులను పాత రెజిమెంట్లకు పంచేశారు.

మీ రెజిమెంటు ఈ ఏళ్ళలో దేన్నైనా దాటిందా? దాటితే ఆ ఏడాదికి ముందొక వరుస, తర్వాతొక వరుస పట్టికలో వేసుకోండి.

## 6. ఆర్మీ లిస్టుతో ఎముకల గూడు కట్టుకోండి

ఇక కాగితాల్లోకి దిగుదాం. మొదట తెరవాల్సింది ఆర్మీ లిస్టు. 1754 నుంచి ఏటా అచ్చయింది. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇది డబ్ల్యూఓ 65 వరుస (డబ్ల్యూఓ అంటే వార్ ఆఫీసు, యుద్ధ శాఖ). అంతకుముందువి చేతిరాత జాబితాలు, డబ్ల్యూఓ 64. కొన్ని సంవత్సరాలవి ఇంట్లో కూర్చునే నెట్‌లో చదవొచ్చు.

ఒక పేజీ ఎలా ఉంటుందో చెబుతాను. పైన రెజిమెంటు నంబరు. కింద కర్నల్, లెఫ్టినెంట్ కర్నల్, మేజర్, కెప్టెన్లు, లెఫ్టినెంట్లు, ఎన్‌సైన్లు (అందరికన్నా చిన్న హోదా అధికారులు) వరుసగా ఉంటారు. ఆ తర్వాత మత గురువు, అడ్జుటెంట్, క్వార్టర్‌మాస్టర్, సర్జన్. అందరి కింద ఏజెంటు పేరు.

పేర్ల పక్కన తేదీలు రెండు రకాలు. ఒకటి ఆ రెజిమెంటులో ఆ హోదా వచ్చిన తేదీ. రెండోది మొత్తం సైన్యంలో ఆ హోదా వచ్చిన తేదీ. కొత్త రెజిమెంటులోకి పాత రెజిమెంటు కెప్టెన్ వస్తే రెండో తేదీ చాలా పాతది ఉంటుంది. ఆ తేడా వల్ల ఎవరు పాతకాపులో, ఎవరు కొత్తగా చేరినవాళ్ళో తెలిసిపోతుంది.

కింద ఉన్న ఏజెంటును వదిలేయకండి. లండన్‌లో కూర్చుని రెజిమెంటు డబ్బు లెక్కలు చూసేది ఈయనే. యుద్ధ మంత్రి ఆఫీసు నుంచి జీతాలు, బట్టలు, బకాయిల గురించి వెళ్ళిన ఉత్తరాల్లో చాలా భాగం ఏజెంటు పేరు మీదే ఉంటాయి. ఆ ఉత్తరాల నకళ్ళు డబ్ల్యూఓ 4లో ఉంటాయి. రెజిమెంటు పేరుతో దొరకనిది కొన్నిసార్లు ఏజెంటు పేరుతో దొరుకుతుంది.

ఆర్మీ లిస్టుతో చేయాల్సిన పని:

- రెజిమెంటు కనిపించే మొదటి సంచిక, చివరి సంచిక గుర్తించండి.
- ప్రతి సంచికలో అధికారుల జాబితా ఎత్తి రాసుకోండి.
- ఎవరి పేరు ఏ ఏడాది మాయమైందో గుర్తు పెట్టండి.
- నియామకాల తేదీలను లండన్ గెజిట్‌తో పోల్చండి. గెజిట్ నెట్‌లో ఉచితం.

ఒక జాగ్రత్త. విదేశంలో ఉన్న రెజిమెంటులో చనిపోయిన కెప్టెన్ పేరు ఏడాది తర్వాత కూడా లిస్టులో కనిపిస్తుంది. మద్రాసు నుంచి లండన్‌కు కబురు చేరడానికే ఇంచుమించు ఆరు నెలలు పట్టేది. పేరు ఉందంటే మనిషి బతికున్నాడని కాదు.

## 7. మస్టర్ రోల్: అసలు మనుషులు దొరికేది ఇక్కడే

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. ఆర్మీ లిస్టులో అధికారులు మాత్రమే ఉంటారు. మామూలు సైనికుడి పేరు ఉండేది మస్టర్ రోల్‌లో. అది హాజరు పట్టీ. ఎవరికి జీతం ఇవ్వాలో తేల్చడానికి ఆరు నెలలకోసారి రాసేవారు. జూన్ 25 నుంచి డిసెంబరు 24 దాకా 183 రోజులకు ఒకటి, డిసెంబరు 25 నుంచి జూన్ 24 దాకా 182 రోజులకు ఒకటి. పదాతి దళాలవి డబ్ల్యూఓ 12లో ఉంటాయి. చాలా భాగం నెట్‌లో లేదు. క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్ళి చూడాల్సిందే.

లండన్‌లో ఉన్న మన తెలుగువాళ్ళకు ఇది అందుబాటులో ఉన్న పని. రీడర్ టికెట్ ఉచితం, గుర్తింపు కార్డులు, చిరునామా రుజువు తీసుకెళ్ళాలి. మీ ఫోనుతో ఫోటోలు తీసుకోవచ్చు, దానికీ డబ్బు తీసుకోరు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు కాస్త టెన్షన్‌గా ఉంటుంది కానీ, అక్కడి సిబ్బందిని అడిగితే ఓపిగ్గా చూపిస్తారు. వెళ్ళే ముందే ఇంటి దగ్గర డిస్కవరీ అనే వాళ్ళ కేటలాగులో నంబరు, సంవత్సరం వెతికి, కట్టల సంఖ్యలు రాసుకెళ్ళండి.

కట్ట విప్పాక ఇలా చదవండి:

ముందు పేజీ పై భాగం. ఎవరి కంపెనీ (ఇక్కడ కంపెనీ అంటే ఈస్టిండియా కంపెనీ కాదు, రెజిమెంటులోని చిన్న దళం), ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎక్కడ హాజరు తీశారు. ఈ మూడూ మొదటి ఫోటోలోనే రావాలి. తర్వాత ఇంటికెళ్ళి చూస్తే ఏ ఫోటో ఏ కంపెనీదో తెలియక తల పట్టుకుంటారు.

తర్వాత వరుసలు. సార్జెంట్లు, కార్పొరళ్ళు, డ్రమ్మర్లు, ఆ కింద మామూలు సైనికులు. పేరు పక్కన చిన్న అక్షరాలతో చనిపోయాడు, విడుదలయ్యాడు, పారిపోయాడు, ఆసుపత్రిలో ఉన్నాడు, ఫలానా రెజిమెంటుకు పంపాము అని రాసి ఉంటుంది. రెజిమెంటు చరిత్ర అంతా ఈ చిన్న రాతల్లోనే ఉంది. ఒకే ఆర్నెల్లలో ఒక కంపెనీలో సగం పేర్ల పక్కన "చనిపోయాడు" అని ఉండి, ఆ ఆర్నెల్లలో యుద్ధమేమీ లేకపోతే, జబ్బో ఓడ ప్రయాణమో కారణం అయి ఉంటుంది. ఆ తేదీలను పట్టికలోని చోట్లతో కలిపి చూడండి.

చివర సంతకాలు. కెప్టెన్, హాజరు తీసిన కమిషనరు. కెప్టెన్ సంతకం లేకుండా లెఫ్టినెంట్ సంతకం ఉంటే ఆ రోజు కెప్టెన్ అక్కడ లేడన్నమాట.

ఇక్కడ వచ్చే పెద్ద చిక్కు ఒకటుంది. 18వ శతాబ్దంలో కంపెనీలకు అక్షరాలో నంబర్లో ఉండవు. కెప్టెన్ పేరే కంపెనీ పేరు. కెప్టెన్ చనిపోతే కంపెనీ పేరు మారిపోతుంది. తర్వాతి ఆర్నెల్ల పట్టీలో మీరు వెతుకుతున్న కంపెనీ లేనట్టే ఉంటుంది. అప్పుడు కెప్టెన్‌ను వదిలేసి మామూలు సైనికుల పేర్లు చూడండి. పది పన్నెండు అరుదైన ఇంటిపేర్లు ముందే గుర్తు పెట్టుకుని, అవి గుంపుగా ఏ పట్టీలో ఉన్నాయో చూస్తే అదే ఆ కంపెనీ. స్మిత్‌లు, జోన్స్‌లు ఈ పనికి పనికిరారు.

ఇంకో చిక్కు: కర్నల్, లెఫ్టినెంట్ కర్నల్, మేజర్ ముగ్గురికీ తలా ఒక కంపెనీ ఉండేది. కర్నల్ కంపెనీని నిజంగా నడిపేది కెప్టెన్ లెఫ్టినెంట్ అనే అధికారి. కర్నల్ పేరున్న పట్టీ చూసి కర్నల్ అక్కడే ఉన్నాడని రాయకండి. చాలాసార్లు ఆయన లండన్‌లో ఉంటాడు.

చదివేటప్పుడు కళ్ళకు అలవాటు కావాల్సినవి: ఎస్ అక్షరం ఎఫ్‌లా కనిపిస్తుంది. విలియం, థామస్, జేమ్స్ లాంటి పేర్లను మొదటి అక్షరం, చివరి అక్షరాలతో కుదించి రాస్తారు. ఒకే మనిషి ఇంటిపేరు మూడు పట్టీల్లో మూడు రకాలుగా ఉంటుంది. మూడూ రాసుకోండి, మీరు సరిదిద్దకండి.

## 8. కట్ట దొరకకపోతే

కేటలాగులో మీ రెజిమెంటు మస్టర్ కట్ట లేకపోవచ్చు. విదేశాల్లోనే పుట్టి పోయినవాటికి ఇలా తరచుగా జరుగుతుంది. అక్కడితో ఆపేయకండి. పక్కదారులున్నాయి:

- డబ్ల్యూఓ 25: అధికారుల నియామకాల పుస్తకాలు, సైనికుల వర్ణనల పుస్తకాలు. వర్ణనల్లో ఎత్తు, ఊరు, వృత్తి కూడా ఉంటాయి.
- డబ్ల్యూఓ 24: ప్రతి రెజిమెంటుకు ఎంతమందిని మంజూరు చేశారో ఆ లెక్క. ఇది కాగితం మీది సంఖ్య, నిజంగా ఉన్నవాళ్ళ సంఖ్య కాదు.
- డబ్ల్యూఓ 34: అమెరికాలో సేనాపతిగా చేసిన ఆమ్‌హర్స్ట్ కాగితాలు. 1758–63 మధ్య అమెరికాలో ఉన్న రెజిమెంట్లకు బంగారు గని.
- డబ్ల్యూఓ 97, 116: చెల్సియా ఆసుపత్రి పింఛను కాగితాలు.

మద్రాసుకు వచ్చిన రెజిమెంటైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ మిలిటరీ విభాగం కాగితాలు చూడండి. రాజు రెజిమెంటుకు తిండి, బండ్లు, ఎడ్లు, బస చూడాల్సింది కంపెనీయే. కాబట్టి రాజు అధికారులకూ గవర్నర్ కౌన్సిల్‌కూ మధ్య గొడవలు, విన్నపాలు, ఖర్చులు అక్కడ నమోదయ్యాయి. చెన్నై సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది. ఆ చర్చి పెళ్ళిళ్ళ, సమాధుల నమోదు నకళ్ళు బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు చర్చి రికార్డుల వరుసలో, ఎన్ 2లో ఉన్నాయి. హైదరాబాదు, విజయవాడ నుంచి చెన్నై ఒక రాత్రి ప్రయాణం. లండన్ వెళ్ళలేనివాళ్ళకు నా సలహా ఇదే.

## 9. రద్దయ్యాక మనుషులు ఎక్కడికి వెళ్ళారు

రద్దు ఆజ్ఞతో రెజిమెంటు కథ ముగిసినా మనుషుల కథ ముగియదు. నాలుగు దారులు వెతకండి.

అధికారులు హాఫ్ పేలోకి. ఉద్యోగం లేని అధికారికి సగం జీతం వచ్చేది. ఆ జాబితాల్లో పాత రెజిమెంటు పేరుతోనే ఉంటారు. 1763లో రద్దయిన రెజిమెంటు పేరు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆర్మీ లిస్టు చివర్లో కనిపిస్తే కారణం ఇదే.

మనుషులు వేరే రెజిమెంటుకు. మస్టర్ పట్టీలో "పంపాము" అని ఉంటే ఆ రెజిమెంటు కట్టలో తర్వాతి ఆర్నెల్లు చూడండి. కొత్తగా వచ్చినవాళ్ళు గుంపుగా కనిపిస్తారు.

భారతదేశంలో రద్దయితే కంపెనీలోకి. ఆరు నెలల ఓడ ప్రయాణం చేసి వచ్చిన సైనికులను వెనక్కి పంపడం కంటే తన కొలువులోకి తీసుకోవడం కంపెనీకి లాభం. అందుకే చాలామంది ఇక్కడే ఉండిపోయారు. బ్రిటిష్ లైబ్రరీలో ఎల్ మిల్ అనే మిలిటరీ రికార్డుల్లో 10వ వరుస బెంగాల్ సైన్యానిది, 11 మద్రాసుది, 12 బొంబాయిది.

అమెరికాలో రద్దయితే భూమిలోకి. 1763 రాజ ప్రకటన ప్రకారం మామూలు సైనికుడికి 50 ఎకరాలు, కింది స్థాయి సార్జెంట్లు, కార్పొరళ్ళకు 200, లెఫ్టినెంట్లు, ఎన్‌సైన్లకు 2000, కెప్టెన్‌కు 3000, పై అధికారులకు 5000 ఎకరాలు. భూమి కోసం పెట్టుకున్న అర్జీల్లో ఏ రెజిమెంటులో పనిచేశారో రాసుకున్నారు. మస్టర్ కట్ట పోయిన రెజిమెంటుకు ఇవి దేవుడిచ్చిన వరం.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాట్లు

తప్పు: పింఛను కాగితాల్లో పేరు లేదు కాబట్టి అలాంటి సైనికుడే లేడనుకోవడం. దిద్దుబాటు: అవి పింఛను వచ్చినవాళ్ళవి మాత్రమే. యుద్ధంలో పోయినవాడు, పారిపోయినవాడు, పింఛను లేకుండా ఇంటికెళ్ళినవాడు అందులో ఉండరు. మస్టర్‌కు వెళ్ళండి.

తప్పు: మంజూరైన సంఖ్యను యుద్ధంలో పోరాడిన సంఖ్యగా రాయడం. దిద్దుబాటు: లెక్కల కోసం కాగితం మీదే ఉండే మనుషులు కొందరు ప్రతి కంపెనీలో ఉండేవారు. రోగులు, సెలవులో ఉన్నవాళ్ళు వేరు. యుద్ధానికి దగ్గరి తేదీ ఉన్న రిపోర్టు దొరికితే తప్ప సంఖ్య రాయకండి.

తప్పు: కర్నల్ ఉన్న చోటే రెజిమెంటు ఉందనుకోవడం. దిద్దుబాటు: రెండిటికీ వేర్వేరు వరుసలు.

తప్పు: సంధి జరిగిన ఏడాదే రద్దు ఏడాది అని రాసెయ్యడం. దిద్దుబాటు: 1759లో స్కాట్లండ్‌లో గోర్డన్ల జాగీరులో లేపిన 89వ రెజిమెంటు భారతదేశంలో ఉండిపోయింది. 1763లో సంధి కుదిరినా 1764 అక్టోబరులో బక్సర్ యుద్ధానికి దానివాళ్ళు ఇక్కడే ఉన్నారు. రద్దయింది 1765లో.

## 11. ఒక పట్టిక నింపి చూద్దాం: 79వ ఫుట్, డ్రేపర్, 1757

మొదట్లోని ప్రశ్ననే తీసుకుందాం.

- 1757: విలియం డ్రేపర్ ఈస్టిండీస్‌కు పంపడానికని రెజిమెంటు లేపాడు. నమ్మకం: గట్టిది.
- 1758 డిసెంబరు 14: ఫ్రెంచి సేనాని లాలీ సైన్యం మద్రాసును ముట్టడించినప్పుడు డ్రేపర్ కోట బయటికి వచ్చి దాడి చేశాడు. చోటు: మద్రాసు బ్లాక్ టౌన్. ముట్టడి 1759 ఫిబ్రవరిలో ముగిసింది.
- 1760 జనవరి 22: వందవాసి. డ్రేపర్ అప్పటికే ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. రెజిమెంటు మేజర్ బ్రెర్టన్ ఈ యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. కర్నల్ ఒక చోట, రెజిమెంటు ఇంకో చోట అంటే ఇదే.
- 1761 జనవరి: పుదుచ్చేరి లొంగిపోయింది.
- 1762 అక్టోబరు 6: మనీలా లొంగిపోయింది. డ్రేపర్ తిరిగి వచ్చి, మద్రాసు నుంచి 79వ రెజిమెంటును, సిపాయిలను వెంటబెట్టుకుని వెళ్ళాడు.
- 1763: రద్దు. ఇక్కడ అనుమానం గడిలో గుర్తు పెట్టండి. లండన్‌లో నిర్ణయం జరిగిన తేదీ, ఆ కబురు తూర్పు సముద్రాల్లో ఉన్న మనుషులకు చేరిన తేదీ ఒకటి కావు. రెండో తేదీ కోసం మద్రాసు కౌన్సిల్ కాగితాలు, కంపెనీ పట్టీల్లో కొత్తగా చేరినవాళ్ళ పేర్లు చూడాలి.

ఈ రెజిమెంటుకు ఒక రాతి గుర్తు కూడా మిగిలింది. చనిపోయిన తన సైనికుల కోసం డ్రేపర్ బ్రిస్టల్‌లో క్లిఫ్టన్‌లోని తన ఇంటి దగ్గర స్మారకం కట్టించాడు. దాన్ని తర్వాత క్లిఫ్టన్ డౌన్‌కు తరలించారు. ఇప్పుడూ అక్కడే ఉంది. ఇలాంటి రాళ్ళను ఫోటో తీసి, చెక్కిన అధికారుల పేర్లను ఒక్కొక్కటిగా ఆర్మీ లిస్టుతో పోల్చండి. రాయి మీద ఉండి లిస్టులో లేని పేరు, లిస్టులో ఉండి రాయి మీద లేని పేరు వేర్వేరుగా రాసుకోండి. మీ తర్వాతి ప్రశ్నలు ఆ రెండు జాబితాల్లోంచే వస్తాయి.